కరెక్టేనా అంకుల్?

షార్జా అల్ నహ్దాలో ఒక శుక్రవారం సాయంత్రం. 2022 జనవరి నుంచి ఇక్కడి బళ్ళకి శుక్ర, శని, ఆది మూడు రోజులూ సెలవే. శుక్రవారం అంటే పిల్లలకి హోంవర్కు గుర్తురాని రోజు. అయినా ఎదురు ఫ్లాట్ అమ్మాయి నోట్‌బుక్కు పట్టుకుని వచ్చింది. పదకొండో తరగతి, సీబీఎస్‌ఈ. ఇంట్లో నీట్ మాట తప్ప ఇంకో మాట లేదు. ఇనుముకి ఎలక్ట్రాన్ విన్యాసం, అంటే ఏ అరలో ఎన్ని ఎలక్ట్రాన్లు ఉంటాయో, రాసి నా ముందు పెట్టింది.

1ఎస్² 2ఎస్² 2పీ⁶ 3ఎస్² 3పీ⁶ 4ఎస్² 3డీ⁵

“కరెక్టేనా అంకుల్?”

“పైన రాసిన చిన్న అంకెలన్నీ కూడు.”

వేళ్ళ మీద కూడింది. “ఇరవై ఐదు.”

“ఇనుము పరమాణు సంఖ్య?”

“ఇరవై ఆ... అయ్యయ్యో!” చివరి ఐదు కొట్టేసి ఆరు చేసింది. ఆ తర్వాత నావైపు చూడలేదు. చూడాల్సిన పని లేదని ఆ పిల్లకి తెలిసిపోయింది.

“తప్పమ్మా, అక్కడ ఆరుండాలి” అని నేనే చెప్పేసి ఉంటే ఐదు సెకన్లలో తేలిపోయేది. మర్నాడు కోబాల్ట్ పట్టుకుని మళ్ళీ వచ్చేది.

ఈ “కరెక్టేనా” పిల్లల మాట అనుకోకండి. ముప్ఫై ఏళ్ళ ఇంజనీర్లు కొటేషన్ తయారుచేసి, కింద టోటల్ కూడా చూసుకోకుండా “ఒకసారి చూడండి సార్” అని మెయిల్ కొట్టడం నేను వారం వారం చూస్తుంటాను. పైన చూసేవాడున్నాడన్న ధీమా ఉంటే మన కళ్ళు పనిచెయ్యడం మానేస్తాయి. చిన్నప్పుడు అమ్మ, తర్వాత మాస్టారు, ఆ తర్వాత ట్యూషన్ సారు, ఉద్యోగంలో చేరాక మేనేజరు. తప్పు పట్టే పనిని ఎప్పుడూ ఎవరో ఒకరికి కాంట్రాక్టుకి ఇచ్చేసి బతికేస్తాం.

ఆ కాంట్రాక్టు రద్దు చేసుకోండి. దానికి కసరత్తు కావాలంటే నేను చేతికిచ్చే డంబెల్ ఎలక్ట్రాన్ విన్యాసమే. కెమిస్ట్రీ వదిలేసి పాతికేళ్ళయిన తండ్రులకి కూడా ఇదే ఇస్తాను. ఇంగ్లీషు వ్యాసం రాస్తే బాగుందో లేదో ఇంకొకరు చెప్పాలి. ఇక్కడ ఆ బాధ లేదు. జవాబు తన సాక్షిని తనే వెంటబెట్టుకొస్తుంది. పరమాణు సంఖ్య ఎంతో ఎలక్ట్రాన్లు అన్నే, కూడితే సరిపోవాలి. మా బిల్డింగ్ కింద గ్రోసరీ నడిపే కేరళ ఆయన అర్ధరాత్రి షట్టర్ దించేముందు గల్లాలో నోట్లనీ, మిషన్ ఇచ్చిన బిల్లునీ పక్కపక్కన పెట్టుకుంటాడు. ఒక్క దిర్హామ్ తేడా వచ్చినా మళ్ళీ మొదటి నుంచి లెక్కే. ఆయన పక్కన నిలబడి ఎవరూ మార్కులు వెయ్యరు.

సరే, రాయడం ఎలా? ముందుగా, బట్టీ వద్దు. మూలకాలు 118. ముప్ఫై వరకూ బట్టీ పట్టి, ముప్ఫై ఒకటోది ఇస్తే బిక్కమొహం వేసిన పిల్లల్ని చాలామందిని చూశాను. గుర్తుండాల్సినవి నాలుగు అంకెలు, ఒక బొమ్మ. ఎస్ అనే అరలో 2, పీలో 6, డీలో 10, ఎఫ్‌లో 14 ఎలక్ట్రాన్లు పడతాయి. బొమ్మ అంటే ఏటవాలు బాణాలది. మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో మాయిలర్ చిత్రం అనేవారు. పై వరసలో 1ఎస్. దాని కింద 2ఎస్, 2పీ. దాని కింద 3ఎస్, 3పీ, 3డీ. ఆ కింద 4ఎస్, 4పీ, 4డీ, 4ఎఫ్. ఆ తర్వాత 5ఎస్ వరస, ఇలాగే. కుడి పైనుంచి ఎడమ కిందకి బాణాలు గీసుకుంటూ పొండి. 1ఎస్, 2ఎస్, 2పీ, 3ఎస్, 3పీ, 4ఎస్, 3డీ, 4పీ, 5ఎస్... వరస దానంతటదే దిగుతుంది.

బొమ్మ వెనకున్న లెక్క కూడా చిన్నదే. ఎస్‌కి 0, పీకి 1, డీకి 2, ఎఫ్‌కి 3 వేసుకుని ముందున్న అంకెకి కలపండి. మొత్తం తక్కువొచ్చింది ముందు నిండుతుంది. సమానమైతే ముందంకె చిన్నగా ఉన్నదానిదే పైచేయి. 4ఎస్‌కి వచ్చేది 4, 3డీకి వచ్చేది 5. అందుకే 4ఎస్ ముందు. 1936లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఎర్విన్ మాడెలుంగ్ తన పుస్తకంలో అచ్చువేసిన నియమం ఇది. ఈ లెక్క వస్తే బొమ్మ మర్చిపోయినా ఫరవాలేదు, మళ్ళీ పుట్టించుకోవచ్చు.

పరీక్షలో పేపరు చేతికొచ్చిన మొదటి నిమిషంలోనే రఫ్ వర్క్ చోట ఈ బొమ్మ గీసెయ్యండి. “అక్కర్లేదు సార్, మైండ్‌లో ఉంది” అనే పిల్లలే 4ఎస్ మర్చిపోయి 3డీలోకి దూకేస్తారు. మైండ్‌లో ఉన్నదాన్ని సరిచూసుకోలేం. కాగితం మీదున్నదాన్నే చూసుకోగలం.

ఇంకో అలవాటు. చివరిదాకా రాసి అప్పుడు కూడితే, తేడా వచ్చినప్పుడు అది ఎక్కడ పుట్టిందో వెతకడం నరకం. జడ వాయువులు మైలురాళ్ళు: 2, 10, 18, 36, 54, 86. 3పీ నిండగానే ఒక్క క్షణం ఆగి 18 వచ్చిందా అని చూసుకోండి. వస్తే అంతవరకు ఆర్గానే, వెనక్కి తిరిగి చూడక్కర్లేదు. అందుకే ఇనుముని [ఆర్గాన్] 3డీ⁶ 4ఎస్² అని కుదించి రాస్తాం. ఇది చేతి బద్ధకం కోసం పెట్టిన అడ్డదారి అని పిల్లలు అనుకుంటారు. నా ఉద్దేశంలో ఇది సగం దారిలో వేసుకున్న సంతకం.

ఇక్కడ నా గొడవ ఒకటి చెప్పుకోవాలి. తొమ్మిదో తరగతిలో మాకు కే, ఎల్, ఎమ్, ఎన్ కక్ష్యలు చెప్పారు. కేలో 2, ఎల్‌లో 8, ఎమ్‌లో 18 పడతాయన్నారు. పొటాషియంకి ఉన్నవి 19. నేను 2, 8, 9 అని రాశాను. గుంటూరు జిల్లాలో ఓ పల్లెటూరి బడి. మాస్టారు చెవి మెలేసి “2, 8, 8, 1” అన్నారు. ఎమ్‌లో ఇంకా పది ఖాళీలుండగా పందొమ్మిదోది పక్కింటికి ఎందుకు పోయిందండీ అని అడుగుదామనుకున్నాను. చెవి నొప్పి అడ్డొచ్చింది. ఇంటర్‌లో 4ఎస్, 3డీల కథ విన్న రోజున గానీ నా తప్పు తెలివితక్కువ తప్పు కాదని తెలియలేదు. 2, 8, 9 రాసిన కుర్రాడు చెప్పిన నియమాన్ని అక్షరాలా పాటించాడు. 2, 8, 8, 1 రాసినవాళ్ళు బోర్డు మీద ఉన్నది దించారు.

ఇప్పుడు పిల్లలకి నేను చెప్పేది ఇది. చెప్పిన నియమానికీ ఇచ్చిన జవాబుకీ పొత్తు కుదరని చోట పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టుకోండి. గొడవ పడక్కర్లేదు, అప్పటికి పరీక్షలో వాళ్ళడిగిందే రాయండి. చుక్క మాత్రం చెరపొద్దు. నా చుక్కకి జవాబు రెండేళ్ళకి దొరికింది.

కూడిక సరిపోతే ఇక అంతేనా? కాదు. క్రోమియం చూడండి, 24. బాణాల ప్రకారం రాస్తే [ఆర్గాన్] 3డీ⁴ 4ఎస్². కూడితే 18, 4, 2 కలిపి 24. సాక్షి కూడా సరేనంది. జవాబు తప్పు. నిజంగా ఉన్నది 3డీ⁵ 4ఎస్¹. రాగి 29. రావాల్సింది 3డీ⁹ 4ఎస్², ఉన్నది 3డీ¹⁰ 4ఎస్¹. గ్రోసరీ ఆయన గల్లా పైసాతో సహా సరిపోయింది గానీ, చక్కెర అడిగినవాడికి ఉప్పు కట్టాడన్నమాట.

సగం నిండిన డీకి, పూర్తిగా నిండిన డీకి స్థిరత్వం ఎక్కువ, అందుకే ఇలా అని పుస్తకం చెబుతుంది. పరీక్షకి అది చాలు. మీరు అంతటితో సంతృప్తి పడిపోకండి. ఆవర్తన పట్టికలో క్రోమియం ఉన్న నిలువు వరసలోనే కిందికి దిగితే టంగ్‌స్టన్ ఉంటుంది, పాత బల్బుల్లో ఫిలమెంటు. దానికీ సగం నింపుకునే అవకాశం ఉంది. అయినా అది 5డీ⁴ 6ఎస్² గానే కూర్చుంది. ఒకే వరసలో ఉన్నవాళ్ళే ఒకే కారణాన్ని ఖాతరు చెయ్యలేదంటే ఆ కారణం సగమే. 4ఎస్, 3డీ శక్తులు ఒకదానికొకటి చాలా దగ్గర. ఎలక్ట్రాన్ల మధ్య తోపులాటలో చిన్న తేడా వచ్చినా తూకం అటో ఇటో మొగ్గుతుంది. ఒక్క వాక్యంలో ఇమిడే కారణం ఇక్కడ లేదు. కాబట్టి మినహాయింపుల్ని పేర్లతో గుర్తుపెట్టుకోండి. స్కూలు వరకు క్రోమియం, రాగి వస్తే పని నడిచిపోతుంది. పేరు తెలిసిన మినహాయింపు భయపెట్టదు. “ఏవో కొన్ని తేడాగా ఉంటాయట” అన్న గాలిమాటే భయపెడుతుంది.

మరో ఉచ్చు. ఇనుము రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుంటే మిగిలేది ఏమిటి? చివర రాసినవి 3డీ కాబట్టి అందులోంచే పోతాయని పిల్లలు 3డీ⁴ 4ఎస్² రాస్తారు. పోయేవి 4ఎస్‌వి. మిగిలేది 3డీ⁶. ముందొచ్చినవాళ్ళే ముందు పోతారా అని ఒక కుర్రాడు నన్నడిగాడు. అవును, బయటి అంచున ఉన్నవాళ్ళు పోతారు. లైన్లో ఎప్పుడు చేరారన్నది ఎవరూ చూడరు. సున్నితమైన మనసులు దీంట్లో జీవిత సత్యాలు వెతుక్కోవద్దని మనవి. ఎలక్ట్రాన్లకి నీతి తెలియదు.

ఇంతకీ క్రోమియం మన బాణాల మాట వినలేదని ఎలా తెలిసింది? వెలుగుని కొలిచి. ఎలక్ట్రాన్ పై మెట్టు నుంచి కింది మెట్టుకి దిగినప్పుడు కచ్చితంగా ఇంత అన్న రంగు వెలుగు ఇస్తుంది. ఏ మూలకం గీతలు దానివే, వేలిముద్రల్లాగా. ఈ కథలో మా గుంటూరుకి వాటా ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్స్ నుంచి పియర్ జాన్సెన్ పరికరాలతో గుంటూరు వచ్చి, సూర్యుడి అంచున లేచిన మంటల వెలుగుని వర్ణపటంగా విడదీసి చూశాడు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నం వచ్చాడు. ఆ మంటల్లో ఒక పసుపు గీత ఉంది. పసుపు గీత అంటే సోడియం అని అప్పటికే అందరికీ తెలుసు. “ఆఁ, సోడియమే” అని చేతులు దులిపేసుకుంటే అడిగేవాడు లేడు. కానీ సోడియం జంట గీతలు 589 నానోమీటర్ల చోట ఉంటాయి. ఇది 587.6 దగ్గరుంది. ఒకటిన్నర నానోమీటర్ కూడా లేదు తేడా. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండ్‌లో నార్మన్ లాకియర్ గ్రహణం లేకుండానే ఆ గీతని పట్టుకుని, సోడియంతో పొసగదని తేల్చాడు. అప్పటికి భూమ్మీద ఎవరూ చూడని ఆ మూలకానికి గ్రీకులో సూర్యుడి పేరు మీద హీలియం అని పేరొచ్చింది. చేతికి దొరకడానికి 27 ఏళ్ళు పట్టింది. 1895లో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి దాన్ని రాబట్టాడు.

ఆ హీలియం విన్యాసం 1ఎస్². అంతే. రెండు అక్షరాల జవాబు. ఇందులోనూ ఒక తిరకాసు ఉంది. ఎస్² ఉన్నందుకు దాన్ని బెరిలియం నెత్తిన కూర్చోబెట్టాలి. గుణం చూసి నియాన్ మీద కూర్చోబెట్టారు. పిల్లలెవరైనా ఇది కనిపెట్టి అడిగితే దయచేసి చెవి మెలెయ్యకండి.

గుంటూరులో వాడిన ఆ కిటుకే ఎమిరేట్స్ వాళ్ళు అంగారకుడి దాకా పంపారు. 2020 జులై 20న బయల్దేరి 2021 ఫిబ్రవరి 9న అక్కడికి చేరిన హోప్ నౌకలో అతినీలలోహిత వర్ణపటమాపకం ఒకటి ఉంది. 121.6 నానోమీటర్ల దగ్గర హైడ్రోజన్‌ని, 130.4 దగ్గర ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది. 1ఎస్¹, 2పీ⁴ అని మనం నోట్‌బుక్కులో రాసుకునేవి అక్కడ మెరుస్తున్నాయి. ఇక్కడి పిల్లలకి ఇది చెప్తే కళ్ళు పెద్దవవుతాయి. పుస్తకంలో ఉదాహరణలకి ఆ గుణం లేదు.

నియమం చేతిలో ఉంటే చూడనిదాని గురించి కూడా మాట్లాడొచ్చు. 1922 నాటికి 72వ మూలకం ఎవరికీ నమ్మకంగా దొరకలేదు. అది అరుదైన మృత్తికల జాతి అనుకుని కొందరు ఆ ఖనిజాల్లో వెతుకుతున్నారు. ఎలక్ట్రాన్లు నిండే వరస చూసిన నీల్స్ బోర్ లెక్క వేరు. 4ఎఫ్ 14తో అంతకుముందే నిండిపోయింది కాబట్టి 72 జిర్కోనియం బంధువై ఉండాలి. కోపెన్‌హాగెన్‌లో డిర్క్ కాస్టర్, జార్జి హెవెషీ జిర్కోనియం ఖనిజంలో చూశారు. దొరికింది. 1923లో ప్రకటించారు. ఆ ఊరి లాటిన్ పేరు మీద హాఫ్నియం అన్నారు. జిర్కోనియం చివర 4డీ² 5ఎస్², హాఫ్నియం చివర 5డీ² 6ఎస్². ఒకే అచ్చు. ఎంత ఒకటంటే రసాయనికంగా విడదీయడమే పెద్ద పని.

మరి విడదీయడం ఎందుకు? అబుదాబి ఎమిరేట్‌లో అల్ ధఫ్రా తీరాన బరాకా అణు విద్యుత్ కేంద్రం ఉంది. నాలుగు రియాక్టర్లు, 5,600 మెగావాట్లు, దేశం వాడే కరెంటులో దాదాపు పాతిక శాతం. మనం ఏసీ కింద కూర్చుని విన్యాసాలు రాస్తున్నప్పుడు అందులో దానికీ వాటా ఉంది. ఇలాంటి రియాక్టర్లలో యురేనియం ఇంధనాన్ని జిర్కోనియం మిశ్రలోహపు గొట్టాల్లో నింపుతారు, అది న్యూట్రాన్లని దాదాపు ముట్టుకోదు కాబట్టి. దాని కవల హాఫ్నియం న్యూట్రాన్లని ఆబగా మింగేస్తుంది. అది కలిసి ఉంటే రియాక్టరుకి పనికిరాదు. ఎలక్ట్రాన్లు ఒకలాగే ఉన్నా కేంద్రకాల తీరు వేరు. విన్యాసం రాయడం వచ్చేసిందని మూలకం గుట్టంతా తెలిసిందనుకునేవాళ్ళకి ఈ కవలల్ని చూపిస్తుంటాను.

ఇక తల్లిదండ్రులకి. నీట్ రాయడానికి 2021లో దుబాయ్‌లో కేంద్రం పెట్టారు, మరుసటేడు అబుదాబి, షార్జాలకీ వచ్చింది. విమానం టికెట్టు ఖర్చు తప్పింది గానీ తప్పు జవాబుకి ఒక మార్కు కోత తప్పలేదు. నాలుగు ఆప్షన్లలో ఒకటి క్రోమియంకి 3డీ⁴ 4ఎస్² అనే ఉంటుంది. పెట్టినవాడికి మీ అమ్మాయి ఎక్కడ జారుతుందో బాగా తెలుసు. ఆ హాల్లో “కరెక్టేనా” అని అడగడానికి మీరుండరు.

అల్ ఇత్తిహాద్ రోడ్డు ట్రాఫిక్‌లో గంటన్నర కూర్చుని రాత్రి ఎనిమిదిన్నరకి ఇల్లు చేరిన తండ్రికి ఎస్, పీ, డీలు ఏం గుర్తుంటాయి? గుర్తుండక్కర్లేదు. పిల్లలు నోట్‌బుక్కు తెచ్చి చూపిస్తే రెండు ముక్కలు అడగండి. “కూడావా?” “ఇది బాణాల మాట తప్పే రకమా?” ఊళ్ళో ఉన్న వాళ్ళ నానమ్మ కూడా వీడియో కాల్లో ఈ రెండూ అడగ్గలదు. గూగుల్‌లో జవాబు వెతికి పక్కన పెట్టి టిక్కులు కొట్టారో, మీరు ఇంకో ట్యూషన్ సార్ అయిపోయినట్టే. జీతం కూడా ఉండదు.

మొదటి రెండు వారాలు చిరాకు పడతారు. “చెప్పొచ్చు కదా నాన్నా” అంటారు. చెప్పకండి. మూడో వారానికి వాళ్ళే కూడుకుని వస్తారు. నాకు తెలిసిన ఒకాయన మూడో వారం దాకా ఆగలేక చెప్పేశాడు. ఆయన కొడుకు ఇప్పుడు బీటెక్ మూడో ఏడు, అసైన్‌మెంట్లు ఇంకా వాట్సాప్‌లో తండ్రికే పంపుతాడు.

మొన్న శుక్రవారం నేనే వాళ్ళ ఫ్లాట్‌కి వెళ్ళాను. అమ్మాయి డైనింగ్ టేబుల్ మీద పుస్తకాలు పరుచుకుని కూర్చుంది. ఈసారి రాసింది బంగారం, 79. [జెనాన్] 4ఎఫ్¹⁴ 5డీ⁹ 6ఎస్².

“కూడాను. యాభై నాలుగు, పద్నాలుగు, తొమ్మిది, రెండు. డెబ్భై తొమ్మిది వచ్చింది” అంది. నోట్‌బుక్కు మాత్రం నా చేతికివ్వలేదు. 5డీ మీద తొమ్మిది పక్కన పెన్సిల్ చుక్క ఉంది. “కానీ అంకుల్, పట్టికలో రాగి కింద వెండి, వెండి కింద ఇది. రాగి మాట తప్పింది. మరి ఇది?”

“ముందు వెండి సంగతి చూడు.”

పుస్తకం వెనక పట్టిక తిరగేస్తోంది. డేరా గోల్డ్ సూక్‌లో కొన్న గాజులు గలగలమంటుండగా వాళ్ళమ్మ టీ తెచ్చి పెట్టి, కూతురి భుజం మీంచి తొంగిచూసింది.

“ఏమన్నయ్యగారూ, కరెక్టుగానే రాస్తోందా?”

నేను నోరు తెరిచేలోపే ఆ పిల్ల తలెత్తకుండా అంది. “ఇంకా తెలీదమ్మా. ఆగు.”